రెండేళ్ళు వాడిన మ్యూజిక్ యాప్: జాజ్ వినడానికి పనికొస్తుందా?

పోయిన డిసెంబరులో ఈ యాప్ నాకో రంగురంగుల కార్డు చూపించింది. ఏడాది మొత్తంలో నేను ఎక్కువగా విన్న సంగీతం జాజ్ అట. నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ కార్డుని అలాగే మా పిన్ని కొడుక్కి పంపాను. వాడు నాకన్నా ఆరేళ్ళు చిన్న, చాలా ఏళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నాడు. అరగంటలో ఫోన్ చేశాడు.

"బావుందక్కా. అయితే ఒకటి చెప్పు. జాజ్‌లో నీకు నచ్చనిదేంటి?"

వాడు వెటకారానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "అన్నీ బానే ఉంటాయిరా" అన్నాను. అన్నాక ఆ మాట నాకే వెలితిగా వినిపించింది. నవలల్లో నచ్చనివేంటని అడిగితే నేను గంటసేపు చెప్తాను. ఎక్కడ విసుగొచ్చిందో, ఏ పాత్ర దగ్గర రచయిత చెయ్యి జారిందో కూడా చెప్తాను. ఎందుకంటే నవలలు నాకు ఇష్టం. మరి జాజ్ ఇష్టమే అయితే అందులో నాకు ఒక్క తగాదా కూడా ఎందుకు లేదు?

ఆ రోజు నుంచి ఈ యాప్‌ని వేరే రకంగా వాడుతూ వచ్చాను. ఆ అనుభవమే ఈ రివ్యూ. యాప్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ రకం యాప్‌లు వాడే ఎవరికైనా ఎంతో కొంత పనికొస్తాయని నా నమ్మకం.

ముందు దీని జాజ్ పేజీ సంగతి. తెరవగానే కనబడేవి వాయించినవాళ్ళ పేర్లు కావు, వేళలూ మూడ్‌లూ. వాన పడుతుంటే వినే జాజ్. నిద్రపట్టే జాజ్. ఆదివారం పొద్దుటి జాజ్. నేను పెట్టుకున్నది చదువుకునేటప్పుడు వినే జాజ్. నా పని ప్రూఫ్ రీడింగ్. ఎవరైనా పాడుతుంటే ఆ మాటలు కాగితం మీది మాటల్లో కలిసిపోతాయి కాబట్టి నాకు మాటల్లేని సంగీతం కావాలి. ఆ ప్లేలిస్ట్ దీనికి చక్కగా కుదిరింది. నెమ్మదిగా పియానో, డ్రమ్ మీద బ్రష్‌లు రాసే చప్పుడు, కింద ఎక్కడో బేస్ అనే లోతుగొంతు తీగవాద్యం. ఒక్కోటీ రెండు మూడు నిమిషాలు. దాదాపు ఏదీ గొంతు పెంచదు, వేగం మారదు, తల తిప్పుకునేలా చెయ్యదు.

ఇందులో తప్పేమీ లేదు. పని జరిగింది, రాత్రుళ్ళు తోడు దొరికింది. కానీ మావాడు అడిగాక ఆలోచిస్తే, ఏడాదిపాటు రోజూ విన్నవాటిలో ఒక్క ట్యూన్ కూడా కూనిరాగం తియ్యలేకపోయాను. ఒక్క వాద్యకారుడి పేరూ నోట్లో లేదు. నాకు నచ్చింది ఆ గది. బయట చీకటి, టేబుల్ లైటు, చేతిలో పెన్ను, వెనక ఆ మెత్తని చప్పుడు. జాజ్ తీసేసి ఇంకే మెత్తని సంగీతం పెట్టినా నాకు తేడా తెలిసేది కాదు. ఆ తేడా తెలియనప్పుడు ‘నాకు జాజ్ ఇష్టం’ అనే మాట ఇంకా నాది కాదనిపించింది.

ఈ యాప్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ పేజీలో లేదు. అది సెర్చ్‌లో ఉంది.

"ఒక్క పాట పట్టుకో అక్కా" అన్నాడు మావాడు. "పదిమంది పది పాటలు కాదు. ఒకే పాట పదిమంది వాయించింది విను." ఏ పాటో కూడా వాడే చెప్పాడు: ‘బాడీ అండ్ సోల్’. 1930లో జానీ గ్రీన్ కట్టిన ట్యూన్. ఆ పేరు కొడితే వచ్చిన లిస్టు వేలితో ఎంత తోసినా తరగలేదు. ఈ విషయంలో యాప్‌కి పూర్తి మార్కులు వేస్తాను. ఒకే ట్యూన్‌ని తొంభై ఏళ్ళుగా ఎవరెవరు ఎలా వాయించారో కూర్చున్నచోట వినగలగడం మామూలు విషయం కాదు. రికార్డులు ఒక్కొక్కటీ వెతుక్కుని కొనుక్కున్న తరానికి ఇది కలలో మాట.

ట్యూన్ చెవికెక్కాలని ముందు పాడినవి విన్నాను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930లోనే పాడాడు. బిల్లీ హాలిడే 1940లో పాడింది. ఆమె నోట మాట తాళం కన్నా వెంట్రుకవాసి వెనక పడుతుంది. తప్పిందేమో అనుకునేలోపే అందుకుంటుంది. అలా వాక్యం తర్వాత వాక్యం వెనకబడుతూ అందుకుంటూ వెళ్తుంటే, పాటలో ఉన్న వేడికోలు ఎవరో మన ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టుంటుంది.

తర్వాత కోల్‌మన్ హాకిన్స్. 1939 అక్టోబరు 11న న్యూయార్క్‌లో టెనర్ శాక్సఫోన్ మీద వాయించిన రికార్డు. మూడు నిమిషాలు. అప్పటి పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డుకి ఒక వైపు పట్టేది అంతే. మొదటిసారి విన్నప్పుడు యాప్ ఇంకేదో పాట పెట్టిందనుకుని పేరు మళ్ళీ చూసుకున్నాను. ట్యూన్ మొదట్లో కాస్త కనబడుతుంది, ఆ వెంటనే మాయం. శాక్సఫోన్ తన దారిన తను వెళ్ళిపోతుంది.

మావాడు లెక్కపెట్టమన్నాడు. ఈ ట్యూన్ 32 బార్‌లు (బార్ అంటే తాళంలో నాలుగు దెబ్బల ముక్క), ఎనిమిదేసి బార్‌ల నాలుగు ముక్కలు. మొదటి ముక్క, మళ్ళీ అదే, ఆపైన వేరే ముక్క, చివర మళ్ళీ మొదటిదే. ఆ వేరే ముక్కని బ్రిడ్జ్ అంటారు. 32 అయ్యాక మళ్ళీ మొదటికి వస్తారు. ఆవర్తనం తిరిగినట్టే, కాకపోతే ఇక్కడ తాళంతో పాటు కార్డ్‌ల వరస, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుల వరస కూడా తిరుగుతుంది. ఒక్కో తిరుగుడు ఒక కోరస్. హాకిన్స్ వాయించింది రెండు కోరస్‌లు. ట్యూన్ కనబడకపోయినా ఆ చక్రం కింద తిరుగుతూనే ఉంటుంది, ఆయన వెళ్ళేదంతా దాని మీదే.

రాత్రి పనయ్యాక లైటు ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేళ్ళ మీద బార్‌లు లెక్కపెట్టాను. మొదటి ఎనిమిదీ సరిగా వచ్చాయి. రెండో ఎనిమిదిలో తప్పాను. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ తప్పాను. నాలుగో రాత్రికి బ్రిడ్జ్ ఎక్కడ మొదలవుతుందో చెవి కన్నా ముందు వేళ్ళకి తెలిసింది. అక్కడ శ్రుతి మారుతుంది. అదే గది, ఎవరో కిటికీ తెరిచినట్టుంటుంది. ఇంకో వారానికి, ఆయన వాయిస్తుంటే నేను కింద అసలు ట్యూన్ కూనిరాగం తీస్తున్నాను. రెండూ కలిసి నడుస్తున్నాయి. అప్పుడు అర్థమైంది, ఆయన ట్యూన్‌ని వదిలెయ్యలేదు. నేను మెల్లగా పాడుకుంటున్న ఒక్కో వాక్యానికీ ఆయన జవాబు చెప్తున్నాడు. రెండో కోరస్‌లో ఆ జవాబు పైపైకి ఎక్కుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. చీకట్లో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

జాజ్ నాకిష్టం అని నేను ధైర్యంగా అనగలిగింది ఆ రాత్రి నుంచి. అప్పటికి నేను మనసుపెట్టి విన్నది ఒక్క ట్యూన్.

ఇక లోపాలు. మొదటిది, సంవత్సరాలు. హాకిన్స్ రికార్డు పక్కన ఈ యాప్ చూపించే సంవత్సరం 1939 కాదు, ఎప్పుడో దాన్ని వేరేవాటితో కలిపి వేసిన కలెక్షన్ తేదీ. ఆర్మ్‌స్ట్రాంగ్‌ది ఇంకో కలెక్షన్, ఇంకో తేదీ. ఆ తేదీలు చూసి రెండు వారాలపాటు హాకిన్స్ తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ పాడాడని అనుకున్నాను. అంటే ఎవరు ఎవరి తర్వాత వచ్చి ఏం మార్చారో తలకిందులుగా విన్నాను. జాజ్‌లో ఇది చిన్న విషయం కాదు. 1945లో చార్లీ పార్కర్ అనే ఇంకో శాక్సఫోన్ వాద్యకారుడు ‘కో-కో’ వాయించాడు. ‘చెరొకీ’ అనే 1938 నాటి ట్యూన్ కార్డ్‌లు తీసుకుని, వాటి మీద ఊపిరి సలపని వేగంతో పూర్తిగా కొత్త వాయింపు. హాకిన్స్ రికార్డుకీ దీనికీ మధ్య ఆరేళ్ళే. పైగా 1942 నుంచి 1944 దాకా అమెరికాలో సంగీతకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది. న్యూయార్క్‌లో హార్లెమ్ అనే పేటలోని మింటన్స్ క్లబ్ లాంటి చోట్ల రాత్రుళ్ళు ఆ కొత్త పద్ధతి తయారవుతున్న రోజులవే. అందుకే వాటి రికార్డులు చాలా తక్కువ. బయట రికార్డులు మాత్రమే వినేవాళ్ళకి అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉండి ఉంటుంది. సంవత్సరం తప్పుగా చూపిస్తే ఈ ఆశ్చర్యమంతా పోతుంది. కాబట్టి తేదీలు యాప్‌లో నమ్మకండి, బయట చూసుకుని వినండి.

రెండోది, ఎవరు వాయించారో చెప్పదు. పెద్ద అక్షరాల్లో ఒక్క పేరు ఉంటుంది, మిగతావాళ్ళు ఉన్నట్టే తెలియదు. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదటిది ‘సో వాట్’. నా పనివేళల్లో ఇది చాలాసార్లు వచ్చి వెళ్ళిందని యాప్ హిస్టరీలో ఉంది. మావాడు ఒకరోజు దాన్ని స్పీకర్లో పెట్టి నన్ను కదలకుండా కూర్చోమన్నాడు. ముందు బేస్ ఒక ప్రశ్న అడుగుతుంది, అది పాల్ చేంబర్స్. దానికి మిగతావాళ్ళు రెండు కార్డ్‌లతో జవాబిస్తారు. ఈ ప్రశ్నా జవాబూ అయిపోయి ట్రంపెట్ సోలో మొదలయ్యే క్షణంలో డ్రమ్స్ దగ్గరున్న జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ కొడతాడు. ఆ దెబ్బ గాల్లో ఇంకా మోగుతూ ఉంటుంది, దాని కింద నుంచి మైల్స్ తాపీగా నడుచుకుంటూ వస్తాడు. ఆ మోత పూర్తిగా ఆరేదాకా వినాలి. మావాడు ఆ నాలుగు సెకన్లు వెనక్కి తిప్పి తిప్పి వినిపించాడు. "ఇది వినకపోతే నువ్వీ పాట వినలేదక్కా." నిజమే. నేను అన్నిసార్లూ ఆ పాట నడుస్తున్న గదిలో ఉన్నానంతే. ఆ దెబ్బ కొట్టింది ఎవరో యాప్‌లో ఎక్కడా లేదు.

ఇదే ఆల్బమ్ గురించి ఇంకో సంగతి. మొదటి వైపు పాటలు రికార్డు చేసిన 1959 మార్చి 2న టేప్ మెషిన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంలో వాయిస్తే శ్రుతి కాస్త పెరిగిపోయింది. 1992లో సరిచేసి విడుదల చేసేదాకా జనం విన్నది అలాగే. యాప్‌లో ఈ ఆల్బమ్ నాలుగైదు రకాలుగా ఉంది, ఏది ఏ టేప్ నుంచి వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అక్షరం తేడా పట్టుకోవడమే వృత్తిగా ఉన్న నాకు ఇది చాలా బాధ.

క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదట్లో కలిపేది), ఆటోప్లే (పాట అయ్యాక తనంతట తనే ఇంకోటి పెట్టేది) రెండూ మొదటిరోజే ఆపేయండి. క్రాస్‌ఫేడ్ పాట చివర ఆరిపోయే చప్పుడుని మింగేస్తుంది. ఆటోప్లే, హాకిన్స్ అయిన మరుక్షణం మళ్ళీ ఆ వాన జాజ్‌లోకి తోస్తుంది.

నన్ను అన్నిటికన్నా నొప్పించింది ‘నచ్చలేదు’ బటన్. వాడటం మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి పొరపాటున ఆర్నెట్ కోల్‌మన్ అనే ఇంకో శాక్సఫోన్ వాద్యకారుడు వచ్చాడు. పనిలో ఉన్నాను, చికాకేసింది, బటన్ నొక్కాను. ఆ తర్వాత ఏడాదిపాటు అలాంటి సంగీతం ఒక్కటీ నా ముందుకి రాలేదు. నాకు మేలు చేస్తున్నాననే అది అనుకుని ఉంటుంది. కానీ ఆ ఒక్క నొక్కుడుతో జాజ్‌లో ఒక పెద్ద వీధికి వీధే నాకు మూసుకుపోయింది. అది ఉందని కూడా నాకు తెలియలేదు.

మావాడి దగ్గరే మళ్ళీ విన్నాను. ‘ఫ్రీ జాజ్’ అనే పేరుతోనే ఉన్న ఆర్నెట్ కోల్‌మన్ ఆల్బమ్. 1960 డిసెంబరు 21న రికార్డు చేశారు, ఒకే ముక్కగా 37 నిమిషాలు. అందులో రెండు బృందాలున్నాయి, ఒక్కోదానిలో నలుగురు. స్టీరియోలో కోల్‌మన్ బృందం ఎడమవైపు వినిపిస్తుంది, ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్‌తో ఉన్న బృందం కుడివైపు. రెండు చెవుల్తో వింటే నాకు మొదట గోలలాగే ఉంది. ఒక రాత్రి ఎడమ చెవి ఒక్కటే పెట్టుకుని మొత్తం విన్నాను. ఇంకో రాత్రి కుడి చెవి. మూడో రాత్రి రెండూ. అప్పుడు అటు నుంచి ఒకడు అన్నదాన్ని ఇటు నుంచి ఇంకొకడు పట్టుకోవడం వినిపించింది. చార్లీ హేడెన్, స్కాట్ లఫారో ఇద్దరూ రెండు బేస్‌లతో మాట్లాడుకునే చోటు నాకు ఇప్పుడు ప్రాణం. మొత్తం ఆల్బమ్ నచ్చిందా అంటే, లేదు. అందరూ ఒకేసారి వాయించే చోట్లు కొన్ని నాకింకా బరువుగానే ఉన్నాయి. అయినా దాన్ని నా కంటికి కనబడకుండా ఎవరూ తియ్యకూడదు. ఒక సంగీతం ఇష్టమంటే అందులో ఇంకా నచ్చనివాటి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడటం కూడా ఉంటుంది. దీన్ని నమోదు చేసుకునే బటన్ యాప్‌లో లేదు.

మావాడి ప్రశ్నకి జవాబు కూడా ఇన్నాళ్ళకి దొరికింది. చార్లీ పార్కర్ వయొలిన్ల బృందంతో చేసిన రికార్డులు నాకు నచ్చవు. పార్కర్ వాయింపు బంగారమే. కానీ వెనక వయొలిన్లకి ముందే రాసిపెట్టిన స్వరాలున్నాయి, అవి ఆయన ఏం అన్నా మారవు. ఆయన ఒక కొత్త మాట అంటే ఉలిక్కిపడేవాళ్ళూ, అందుకుని తిరిగి అనేవాళ్ళూ ఆ వయొలిన్లలో లేరు. హాకిన్స్ దగ్గర నాకు దొరికింది ఆ జవాబు చెప్పడమే కాబట్టి, అది లేనిచోట నాకు ఊపిరాడదు.

ఇది చెప్పగానే మావాడు ఒప్పుకోలేదు. "అక్కా, ఆ వయొలిన్లతో వాయించాలన్నది పార్కర్ సొంత కోరిక. ఆయన వాటికి కాదు, ట్యూన్‌కి జవాబు చెప్తున్నాడు. ‘జస్ట్ ఫ్రెండ్స్’ మళ్ళీ విను." విన్నాను. మళ్ళీ ఫోన్ చేసి వాదించాను. గంట గడిచింది. ఏడాది కిందట నేను వాడికి కార్డు పంపినప్పుడు మా మధ్య మాట ఒక్క నిమిషంలో అయిపోయింది.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. పేర్లూ తేదీలూ తెలిస్తేనే ఇష్టమున్నట్టు అని నేను అనడం లేదు. అలా పరీక్షలు పెట్టి కొత్తవాళ్ళని బయటికి తోసేవాళ్ళు నాకు గిట్టరు. హార్లెమ్‌లో సవాయ్ బాల్‌రూమ్ 1926లో తెరిచారు. అక్కడికి వచ్చినవాళ్ళు డాన్స్ చేశారు. వాళ్ళలో ఎంతమందికి కార్డ్‌ల పేర్లు తెలిసి ఉంటాయి? కానీ బ్యాండ్ కాస్త బరువెక్కితే ముందు తెలిసేది వాళ్ళ కాళ్ళకే. నాకు వేళ్ళ మీద లెక్క ద్వారా వచ్చింది వాళ్ళకి కాళ్ళలోనే ఉంది. నేను తేదీల మీద ఇంత గొడవపెట్టుకున్నది కూడా చెవికి దారి చూపిస్తాయనే.

మరి ఈ యాప్ తీసుకోవచ్చా? తీసుకోండి. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను, ఆ మూడూ సెర్చ్‌కే. ఇంతటి సంగీతం ఇలా చేతికి అందడం గొప్ప విషయం, అందుకే చందా కూడా పొడిగించాను. కాకపోతే జాజ్ పేజీ తెరవకండి. ఒక ట్యూన్ పేరు కొట్టండి, ముందు పాడినది, తర్వాత వాయించినవి. ఎవరెవరు వాయించారో బయట వెతికి చిన్న కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. చికాకేసినప్పుడు ‘నచ్చలేదు’ నొక్కకుండా పాట ఆపేసి ఇంకోరోజుకి ఉంచండి. నేను నొక్కినదాన్ని వెనక్కి తీసుకునే చోటు సెట్టింగ్స్‌లో లోపలెక్కడో ఉంది. వెతకడానికి అరగంట పట్టింది.

ఈ ఏడాది లెక్కలో జాజ్ నాకు మూడో స్థానానికి పడిపోయింది. ఇంట్లో పిల్లలు పెట్టుకునే పాటలు పైకి వచ్చాయి. యాప్ దగ్గరున్నది గంటల లెక్క, దాని ప్రకారం నాకు జాజ్ మీద ఇష్టం తగ్గింది. జరిగింది ఏమిటంటే, పని చేసుకుంటూ జాజ్ పెట్టుకోలేకపోతున్నాను. మొన్న ఒక పుస్తకం రెండో ప్రూఫు చూస్తూ అలవాటుగా ఏదో పెట్టాను. బ్రిడ్జ్ వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది, అదే పేరా మూడుసార్లు చదివినా ఒక్క తప్పూ కనబడలేదు. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, ముందు ఆ పేరా పూర్తిచేశాను. పాట పదకొండింటికి, పనయ్యాక, మొదట్నుంచి విన్నాను.